రాయిని సాగదీస్తే అయస్కాంతం ఏమవుతుంది?

మన ఫిజిక్స్ పుస్తకంలో స్థితిస్థాపకత ఒక పాఠం, అయస్కాంతత్వం ఇంకో పాఠం. మొదటి పాఠంలో తీగకు బరువు కట్టి సాగదీస్తాం. ప్రతిబలం, వికృతి, యంగ్ గుణకం అంటూ లెక్కలు చేస్తాం. రెండో పాఠంలో దండాయస్కాంతం, బలరేఖలు, క్యూరీ ఉష్ణోగ్రత వస్తాయి. ఈ రెండు పాఠాల మధ్య ఒక దారి ఉంది. పరీక్షలో ఎవరూ అడగరు కాబట్టి మనం దాన్ని పట్టించుకోం. ఈ వ్యాసం ఆ దారి గురించే.

ప్రశ్న ఇది. ఒక అయస్కాంత పదార్థం ఉంది. దానిలో కొత్తగా ఏమీ కలపకూడదు, ఉన్నది తీసెయ్యకూడదు, వేడి చెయ్యకూడదు. కేవలం రెండు వైపులా పట్టుకొని లాగాలి. అలా లాగినంత మాత్రాన దాని అయస్కాంతత్వం పోతుందా? పోతుంది. 2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ హ్వాంగ్ బృందం ఈ పని చేసి చూపించింది. వాళ్ళు లాగింది రబ్బరునో ఇనుప తీగనో కాదు, రాయిలాగా పెళుసుగా ఉండే ఒక ఆక్సైడును. అది పగలకుండా 8 శాతం పైగా సాగింది! మిత్రులారా, 8 శాతం అంటే 10 సెంటీమీటర్ల పలక 10.8 సెంటీమీటర్లు కావడం. నాపరాయిని అలా సాగదీయడం ఊహించుకోండి. ఇది ఎలా సాధ్యమైందో చెప్పుకోవాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే "ఊఁ..." అని ఒక మోత వినిపిస్తుంది. పొలాల్లో బోరు మోటర్లకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు కూడా అంతే. లోపల తిరిగే భాగం ఒక్కటీ లేదు, మరి ఆ మోత ఎక్కడిది? ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇనుప రేకులు దొంతరగా ఉంటాయి. వాటిని అయస్కాంతీకరిస్తే వాటి పొడవు రవ్వంత మారుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు తిరుగుతుంది. ఒక్కో ఆవృత్తంలో అయస్కాంతత్వం రెండుసార్లు గరిష్ఠానికి చేరుతుంది కనుక రేకులు సెకనుకు 100 సార్లు సాగి ముడుచుకుంటాయి. ఆ మోతలో ముఖ్యభాగం ఇదే. ఇనుప కడ్డీ అయస్కాంతం అయినప్పుడు దాని పొడవు మారుతుందని జౌల్ 1842లో కనిపెట్టాడు. వేడికీ పనికీ లెక్క కట్టిన ఆ జౌలే. దీనికి తిరగబడ్డ విషయాన్ని, అంటే కడ్డీని లాగితే దాని అయస్కాంతత్వం మారుతుందన్న సంగతిని, 1865లో ఇటలీ శాస్త్రజ్ఞుడు విల్లారి గమనించాడు.

దీనికి దగ్గరి ప్రయోగం ఒకటి మనమే చేసి చూడవచ్చు. ఒక మెత్తని ఇనుప కడ్డీని ఉత్తర దక్షిణాలుగా పట్టుకొని సుత్తితో నాలుగైదు దెబ్బలు కొట్టండి. తరువాత దిక్సూచి దగ్గరకు తెస్తే ముల్లు కదులుతుంది. కడ్డీని తూర్పు పడమరలుగా పెట్టి మళ్ళీ కొడితే ఆ గుణం చాలావరకు పోతుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత బలహీనమైనదైనా, సుత్తి దెబ్బకు అదిరిన డొమైన్లు దాని వైపు సర్దుకుంటాయి. కొలిమిలో ఇనుము ఇలా అయస్కాంతం కావడాన్ని ఇంగ్లండులో గిల్బర్ట్ 1600లోనే బొమ్మతో సహా రాశాడు. ఐరోపాలో భూక్షేత్రం బాగా ఏటవాలుగా నేలలోకి దిగుతుంది. తిరుపతిలో అది దాదాపు నేలబారుగా ఉంటుంది కనుక మనం కడ్డీని వంచి పట్టుకోవలసిన పని లేదు.

అయితే ఇనుములో ఈ మార్పులు చాలా చిన్నవి. మీటరు కడ్డీ అయస్కాంతం అయినప్పుడు మారే పొడవు కొన్ని మైక్రోమీటర్లే. మనం బయటి నుంచి లాగినా, మామూలు ఉక్కు 0.1 లేదా 0.2 శాతం దాటితే శాశ్వతంగా సాగిపోతుంది. కాబట్టి 150 ఏళ్ళ పాటు ఈ విషయం ఒక చిన్న సవరణగానే మిగిలింది. పరమాణువుల మధ్య దూరాన్ని నిజంగా మార్చగలిగితే ఏమవుతుందన్నది ఎవరికీ అందలేదు.

ఇప్పుడు ఆక్సైడుల దగ్గరకు వద్దాం. లోహం ఆక్సిజన్‌తో కలిస్తే ఆక్సైడ్. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎర్రనేలలకు ఆ రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడే. అందులో ముఖ్యమైనది హెమటైట్. అరుగులకు పూసే జాజులో ఉండేదీ అదే. ఇనుములో లోహ పరమాణువులు పక్కపక్కనే ఉంటాయి. ఆక్సైడులో అలా కాదు, రెండు లోహ పరమాణువుల మధ్య ఒక ఆక్సిజన్ ఉంటుంది. లోహ పరమాణువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఆ ఆక్సిజన్ ద్వారానే మాట్లాడాలి. అందువల్ల ఆక్సైడులో అయస్కాంతత్వం రెండు కొలతల మీద ఆధారపడుతుంది: లోహానికీ ఆక్సిజన్‌కూ మధ్య దూరం ఎంత, లోహం-ఆక్సిజన్-లోహం అనే ఆ గొలుసు ఎంత కోణంలో వంగి ఉంది. సాగదీస్తే ఈ రెండూ మారతాయి.

స్టాన్‌ఫర్డ్ వాళ్ళు వాడిన పదార్థం లాంథనం, కాల్షియం, మాంగనీస్ ఉన్న ఆక్సైడ్. ఈ జాతి పదార్థాలను మాంగనైట్లు అంటారు. (మాంగనీస్ మనకు కొత్తది కాదు. విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల గనుల నుంచి దాని ముడిఖనిజం తీశారు.) వీటి అయస్కాంతత్వాన్ని 1950లో హాలెండ్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో జాంకర్, వాన్ శాంటెన్ కనుగొన్నారు. మరుసటి ఏడాదే జెనర్ దానికి కారణం చెప్పాడు. ఆ కారణాన్ని బిందెల వరుసతో పోల్చి చెబుతాను.

బోరు దగ్గర నుంచి వంటశాల దాకా మనుషులు వరుసగా నిలబడి బిందెలు అందించుకుంటున్నారు అనుకోండి. మనిషి అంటే మాంగనీస్ పరమాణువు. బిందె అంటే ఎలక్ట్రాన్. ఈ పదార్థంలో ప్రతి 10 మంది మాంగనీసుల్లో 7 మంది చేతిలో ఒక బిందె ఎక్కువ ఉంటుంది, 3 గురి చేతులు ఖాళీ. బిందె ఉన్నవాడు ఖాళీ చేతులవాడికి అందిస్తాడు. ఇద్దరి మధ్య ఉన్న ఆక్సిజన్ ఒక గట్టులాంటిది, దాని మీదుగానే అందించాలి. ఇక్కడ ఒక కఠినమైన నియమం ఉంది. ఇద్దరూ ఒకే దిక్కుకు తిరిగి ఉంటేనే బిందె సులువుగా చేతులు మారుతుంది. ఈ దిక్కు అంటే పరమాణువు స్పిన్ దిశ. బిందెలు ఆగకుండా నడిస్తే శక్తి ఆదా అవుతుంది కనుక అందరూ ఒకే దిక్కుకు తిరుగుతారు. స్పిన్లన్నీ ఒకే దిక్కుకు తిరిగితే అది ఫెర్రో అయస్కాంతం. ఎలక్ట్రాన్లు నడుస్తున్నాయి కనుక అదే సమయంలో అది విద్యుత్ వాహకం కూడా. ఒకే కారణం నుంచి రెండు గుణాలు వచ్చాయి. నాకు ఈ విషయంలో అందం అక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు వరుసలోని మనుషులను ఎడంగా జరపండి. చేతులు అందవు. బిందె ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. దీనికి తోడు, అదనపు ఎలక్ట్రాన్ ఉన్న మాంగనీస్ తన చుట్టూ ఉన్న ఆరు ఆక్సిజన్ల గూటిని ఒక వైపుకు సాగదీసుకొని అందులో కుదురుకుంటుంది. ఈ విషయాన్ని 1937లో జాన్, టెల్లర్ అనే ఇద్దరు సిద్ధాంతంగా చెప్పారు. బయటి నుంచి మనం లాగితే ఆ గూడు ఇంకా లోతవుతుంది. ఎలక్ట్రాన్ కదలదు. ఇక అందరూ ఒకే దిక్కుకు తిరిగి ఉండవలసిన అవసరమూ లేదు. అయస్కాంతత్వమూ వాహకత్వమూ రెండూ కలిసి పోతాయి.

సిద్ధాంతం ఇలా చాలాకాలంగా తెలుసు. చిక్కంతా లాగడంలోనే వచ్చింది. మామూలు పింగాణీ లాంటి ఆక్సైడ్ ముక్క సుమారు 0.1 శాతం సాగేసరికి పగిలిపోతుంది. ఎందుకంటే దానిలో కంటికి కనిపించని పగుళ్ళు ముందే ఉంటాయి, లాగినప్పుడు బలమంతా ఆ పగులు మొన దగ్గర పోగవుతుంది. గాజు పోగును ఎంత సన్నగా తీస్తే అంత బలంగా ఉంటుందని 1921లో గ్రిఫిత్ చూపించాడు. సన్నని దానిలో పెద్ద పగులు ఉండడానికి చోటే లేదు కదా!

వంచడానికి కూడా పలుచదనమే పనికొస్తుంది. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. పలకను గుండ్రంగా వంచినప్పుడు పైతలం మీద వికృతి దాదాపు పలక మందాన్ని ఆ వంపు వ్యాసంతో భాగిస్తే వస్తుంది. కుప్పం వైపు నుంచి వచ్చే గ్రానైట్ పలక మందం 20 మిల్లీమీటర్లు అనుకుందాం. దాన్ని 2 మీటర్ల వ్యాసం ఉన్న బావి ఒరకు చుట్టాలంటే వికృతి 1 శాతం. అందులో పదోవంతు కూడా రాకముందే పలక రెండు ముక్కలవుతుంది. 0.1 మిల్లీమీటర్ల కాగితాన్ని 8 మిల్లీమీటర్ల పెన్సిల్‌కు చుడితే వికృతి 1.25 శాతం. అదే పెన్సిల్‌కు 6 నానోమీటర్ల ఆక్సైడ్ పొరను చుడితే వికృతి 1 శాతంలో పదివేల వంతు కూడా ఉండదు. ఆ పొరకు పెన్సిల్ ఒక చదునైన మైదానం లాంటిది. 6 నానోమీటర్లంటే మాంగనైట్ స్ఫటికంలో సుమారు 15 అంతస్తులు మాత్రమే.

ఇంత పలుచని పొరను తయారు చేయడం కొత్త కాదు. తిరుపతిలోనే శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో దశాబ్దాలుగా పలుచని పొరల మీద పరిశోధన సాగింది. ఆక్సైడ్ స్ఫటిక పొరను మరో స్ఫటికం మీద అంతస్తు మీద అంతస్తుగా పెంచుతారు. కింద ఉన్న స్ఫటికంలో పరమాణువుల ఎడం ఎంత ఉందో, పైపొర కూడా అంతకే సర్దుకుంటుంది. మన మాంగనైట్‌లో ఆ ఎడం సుమారు 3.87 ఆంగ్‌స్ట్రాములు. 3.905 ఆంగ్‌స్ట్రాములు ఉన్న స్ట్రాన్షియం టైటనేట్ మీద పెంచితే 1 శాతం దాకా సాగుతుంది. 3.79 ఉన్న లాంథనం అల్యూమినేట్ మీద పెంచితే 2 శాతం దాకా నొక్కుకుంటుంది. మంచిదే, కానీ ఇది చెప్పుల దుకాణం లాంటి వ్యవహారం. 6, 7, 8 సైజులే ఉంటాయి, మధ్యలో దొరకవు. పైగా ఒకసారి అంటుకున్న పొరను తరువాత ఇంకొంచెం లాగుదామంటే కుదరదు. వేరే సైజు కావాలంటే వేరే స్ఫటికం మీద కొత్త పొర పెంచాలి. అప్పుడు రెండు పొరలూ అన్ని విధాలా ఒకటేనా అన్న అనుమానం వస్తుంది.

కాబట్టి పొరను కింది స్ఫటికం నుంచి ఊడదీయాలి. ఎలా? మిద్దె మీద పాత పంచె పరచి వడియాలు పెట్టడం మనందరం చూసిందే. ఎండిన వడియాన్ని గోటితో పీకితే విరుగుతుంది. అమ్మ ఏం చేస్తుంది? గుడ్డను తిరగేసి వెనక నీళ్ళు చల్లుతుంది. కాసేపటికి వడియం తనంతట తానే వదులుతుంది. 2016లో స్టాన్‌ఫర్డ్ బృందం ప్రకటించిన పద్ధతి దాదాపు ఇదే. కింది స్ఫటికానికీ కావలసిన పొరకూ మధ్య స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే ఇంకో ఆక్సైడ్ పొర వేశారు. దానికున్న గొప్పగుణం నీళ్ళలో కరిగిపోవడం. మొత్తాన్ని నీళ్ళలో పెడితే మధ్యపొర కరిగిపోయి, పైపొర విడిగా తేలుతుంది. అంతకుముందు ఇందుకు ఆమ్లాలు వాడేవాళ్ళు, అవి చాలాసార్లు కావలసిన పొరనూ తినేసేవి. మంచినీళ్ళతో పని జరగడంతో ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు ఈ దారి పట్టాయి.

ఇలా విడిపోయిన మాంగనైట్ పొరను పలుచని ప్లాస్టిక్ షీటు మీద ఉంచి, ఆ షీటును అంచుల్లో పట్టి లాగారు. షీటుతో పాటు పొర కూడా సాగింది. ఒక్క దిక్కుకే లాగితే 8 శాతం దాటింది. రెండు దిక్కులకూ ఒకేసారి లాగితే 5 శాతం దాటింది. ఫెర్రో అయస్కాంత వాహకంగా ఉన్న పదార్థం ఒక స్థాయి దాటాక బంధకంగా మారిపోయింది. ఆ స్థాయి ఒక దిక్కుకు లాగినప్పుడు ఒకటి, రెండు దిక్కులకు లాగినప్పుడు మరొకటి. ఇంకో వింత ఏమిటంటే, ఆ బంధకాన్ని బయటి అయస్కాంత క్షేత్రంలో పెడితే మళ్ళీ వాహకం అవుతుంది. బిందెల వరుసలో అందరినీ బలవంతంగా ఒకే దిక్కుకు తిప్పితే ఎలక్ట్రాన్ మళ్ళీ కదిలిందన్న మాట.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేయాలి. మార్పుకు కారణం లాగడమేనని గ్యారంటీ ఏమిటి? పొరలో పగుళ్ళు వచ్చి కరెంటు ఆగిపోయి ఉండవచ్చు కదా? నీళ్ళలో నానినప్పుడు కొన్ని ఆక్సిజన్లు తప్పిపోయి ఉండవచ్చు కదా? ఇలాంటి పరిశోధనలన్నిటిలో అసలు కష్టం ఈ అనుమానాలు తీర్చడమే. పగులు వల్ల వాహకత్వం పోతే అయస్కాంత క్షేత్రం పెట్టినా తిరిగి రాదు. ఇక్కడ తిరిగి వచ్చింది. ఇక పరమాణువుల ఎడం ఎంత పెరిగిందో ప్లాస్టిక్ ఎంత సాగిందన్న దాన్నిబట్టి ఊహించకూడదు, ఎందుకంటే పొర జారి ఉండవచ్చు. ఎక్స్ కిరణాలతో నేరుగా కొలవాలి. మనం చదివే బ్రాగ్ సమీకరణం ఇందుకే ఉంది. కిరణం వంగే కోణం కొలిస్తే పరమాణు తలాల మధ్య దూరం తెలిసిపోతుంది. ఇలా కొలవని ఫలితాన్ని అంత తొందరగా నమ్మకూడదని నా అభిప్రాయం.

ఇప్పటిదాకా లాగితే అయస్కాంతత్వం పోయే సంగతి చెప్పుకున్నాం. లాగితే కొత్తగా వచ్చే సంగతి కూడా ఉంది. దాని చరిత్రలో ఒక తెలుగువాడు ఉన్నాడు.

కొన్ని పదార్థాల్లో పక్కపక్క స్పిన్లు ఒకదానికొకటి ఎదురు దిక్కులకు తిరిగి ఉంటాయి. వీటిని ప్రతి ఫెర్రో అయస్కాంతాలు అంటారు. తాడు లాగే ఆటలో రెండు జట్లూ సమానంగా లాగితే తాడు కదలదు. అలాగే వీటికి బయటికి అయస్కాంతత్వం ఉండదు. ఇప్పుడు స్ఫటికాన్ని సరైన దిక్కులో నొక్కితే ఒక జట్టు పరిస్థితి మారి, రెండో జట్టు పరిస్థితి అలాగే ఉండవచ్చు. అప్పుడు సమతూకం చెడి కొద్దిపాటి అయస్కాంతత్వం బయటపడుతుంది. దీని పేరు పీజో అయస్కాంతత్వం. 1959లో మాస్కోలో బొరోవిక్-రొమానోవ్ కోబాల్ట్ ఫ్లోరైడ్, మాంగనీస్ ఫ్లోరైడ్ స్ఫటికాల్లో దీన్ని కొలిచి చూపించాడు.

అయితే ఏ స్ఫటికాల్లో ఇది సాధ్యం, వేటిలో అసాధ్యం? ఒక్కొక్కటీ నొక్కి చూడనక్కరలేదు, స్ఫటిక సౌష్ఠవం చూసి చెప్పవచ్చు. ముగ్గును పావు వంతు తిప్పినా అలాగే కనిపిస్తే దానికి సౌష్ఠవం ఉన్నట్టు. స్ఫటికాలకు ఇలాంటి సౌష్ఠవ వర్గాలు 32. ముగ్గులో రెండు రంగులు వాడితే, తిప్పి రంగులు మార్చుకుంటే సరిపోయే కొత్త రకాలు వస్తాయి. స్పిన్‌కు పైకి, కిందికి అనే రెండు దిశలు ఆ రెండు రంగుల లాంటివి. వాటితో ఇంకో 58 వర్గాలు చేరి మొత్తం 90 అవుతాయి. కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ గణితాన్ని భౌతికశాస్త్రానికి వాడడం మొదలుపెట్టారు. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతం మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1948లో ఆ విశ్వవిద్యాలయమే ప్రచురించింది. 1964లో పంతులుతో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం, గుణాల మీద వ్యాసం ప్రచురించారు. 1966లో స్ఫటిక సౌష్ఠవం మీద పుస్తకం వచ్చింది. ఆ రోజుల్లో ఆయన దేశ రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. అంత పెద్ద ఉద్యోగంలో ఉండి కూడా ఈ లెక్కలు వదలకపోవడం గమనించదగ్గది. 90 వర్గాలలో 66 వర్గాలకు పీజో అయస్కాంతత్వం సాధ్యమని ఇలాంటి గణితమే చెబుతుంది. కాగితం, పెన్సిల్ ఉంటే చాలు, ప్రయోగశాల అక్కరలేదు.

ఇవన్నీ ఎందుకంటే, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి కోసం. అయస్కాంత బిట్‌ను తిప్పాలంటే కరెంటు పంపాలి, కరెంటు పంపితే వేడి పుడుతుంది. లక్షల కంప్యూటర్లు ఉన్న డేటా సెంటర్లలో ఆ వేడిని చల్లార్చడానికే బోలెడు విద్యుత్తు కావాలి. దానికి బదులు పొర కింద పీజో విద్యుత్ పదార్థం పెట్టి వోల్టేజీ ఇస్తే అది కొంచెం సాగుతుంది, పైపొరను సాగదీస్తుంది, అయస్కాంత దిశ మారుతుంది. కరెంటు దాదాపు ప్రవహించనక్కరలేదు. ఆలోచన బాగుంది గాని ఈ ఆక్సైడ్ పొరలు ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు. ముందు చెప్పిన మాంగనైట్‌కు ఇంకో లోపం కూడా ఉంది. లాగకముందే అది అయస్కాంతంగా ఉండాలంటే సుమారు 250 కెల్విన్‌ల కన్నా చల్లగా, అంటే సున్నా సెల్సియస్‌కు 20 డిగ్రీలకు పైగా కింద ఉండాలి. తిరుపతి ఎండల్లో అది అయస్కాంతమే కాదు.

అందుకే కొందరి చూపు మామూలు ఉష్ణోగ్రతలో పనిచేసే ఆక్సైడుల మీద పడింది. వాటిలో ఒకటి మన ఎర్రమట్టిలోని హెమటైట్. అది ప్రతి ఫెర్రో అయస్కాంతం. సుమారు 950 కెల్విన్‌ల దాకా ఆ గుణం పోదు. సుమారు 260 కెల్విన్‌ల దగ్గర దాని స్పిన్లు తమ దిక్కు మార్చుకుంటాయి. 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు హెమటైట్‌ను విడి పొరలుగా ఊడదీసి ఫలితాలు ప్రకటించారు. ఆ పొరల్లో అక్కడక్కడ గుడ్డ మడతల్లాంటి మడతలు ఉన్నాయి. చదునుగా ఉన్నచోట స్పిన్లు ఒక తీరుగా, మడత మీద వికృతి ఉన్నచోట ఇంకో తీరుగా అమరి ఉన్నాయని ఎక్స్ కిరణాలతో చూశారు. పదార్థం ఒకటే, ఉష్ణోగ్రత ఒకటే, తేడా అల్లా ఆ మడతే.